కంచె మడి సాక్షులు

రోహిణి కార్తె, మూడో రోజు

గొంతు గుర్తుపట్టి, చూసినవాళ్ళ మాట రాసుకునే సాక్షి పెట్టె ఇవాళ మళ్ళీ నన్ను నమ్మలేదు. పొద్దున్నే ఇసుక గాలి మింగి గొంతు బొంగురుపోయింది. పెట్టె ముందు కూర్చుని రోజూలాగే ప్రవర చెప్పుకున్నాను: "కొండా సుభద్రమ్మ గారి శిష్యుడు వెంగప్ప, వెంగప్ప గారి శిష్యురాలు దస్తగిరమ్మ, కుందేటి మిట్ట పరిశోధన కేంద్రం నుంచి, నా కళ్ళతో చూసింది చెబుతున్నాను." పెట్టె కాసేపు ఆలోచించి, స్వరం సరిపోలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే పాట. ఒళ్ళు మండి, "నీ తాతలు కూడా నన్ను ఎరుగుదురు, నోరు మూసుకుని రాసుకో" అన్నాను. అప్పుడు ఒప్పుకుంది. మామూలుగా మాట్లాడితే కాదుగానీ తిడితే నా గొంతు గుర్తుపడుతుంది.

హసీనా పక్కనే నిలబడి ముక్కుగుడ్డ చాటున నవ్వుకుంది. హసీనా నా శిష్యురాలు, ముప్పై నిండబోతున్నాయి. బందరు వైపు ఊళ్ళను సముద్రం తినేసినప్పుడు అక్కడి జనాన్ని ఈ మెట్ట మీది నీటి శిబిరాలకు తెచ్చారు. అప్పటికి ఈమె చంకబిడ్డ. ఆరుద్ర కార్తెలో ఆమెకు పరిశోధన పట్టా వస్తుంది. ఆ రోజు నుంచి మా ప్రవరలో నాలుగో పేరు చేరుతుంది. పట్టా ఉన్నవాళ్ళకు శిబిరం బయట ఇల్లు ఇస్తారు కాబట్టి వాళ్ళమ్మ ఇప్పటికే సామాను మూటలు కట్టేసిందట.

నన్ను తయారుచేసిన వెంగప్ప సార్ ఇక్కడే, పక్క గదిలో ఉంటారు. ఎనభై నాలుగేళ్ళు. కళ్ళు దాదాపు పోయాయి. ఈ పెట్టె మీద విసుక్కుంటే ఆయనకు నచ్చదు. ఒకప్పుడు అడిగిందే ఆలస్యం, యంత్రాలు పరిశోధన రాసి ఇచ్చేవట. చేలో ఎవరూ కాలు పెట్టకుండానే చేను లెక్కలు తయారయ్యేవి. ఆ లెక్కలు నమ్మి ఈ మైదానమంతా లోతుగా దున్నించారు, మట్టి గాలికి లేచిపోయింది. ఈ కట్టుబాటు ఆ తర్వాత వచ్చింది. చూసిన మనిషి నోటితో చెప్పాలి. ఆ మనిషికి గురువు పూచీ పడాలి, ఆ గురువుకు ఇంకో గురువు. ఎవరూ చూడనిది ముందుగా చూసి చెప్పినవాళ్ళకు మాత్రమే పూచీ అక్కర్లేదు, వాళ్ళతోనే వరస మొదలవుతుంది. మా వరస సుభద్రమ్మ గారితో మొదలైంది.

పెట్టె పని అయ్యాక మడుల లెక్క. మాకు రెండు మడులు. ఒకదాని చుట్టూ ఇనుప వల ఉంది, భూమిలోకి మోకాలి లోతు దాకా దించారు. ఇసుక ఎలుకలు దూరకుండా సుభద్రమ్మ గారు కట్టించిన కంచె అది. రెండోది బయటి మడి, దానికి అడ్డేమీ లేదు, ఎలుకలు ఇష్టం వచ్చినట్టు తవ్వుకోవచ్చు. ఈ రెండింట్లో మొక్కలు లెక్కపెట్టి పోల్చడమే మూడు తరాలుగా మా బతుకుతెరువు. కంచె మడిలో వెంపలి చెట్లు, బోదగడ్డి దుబ్బులు పచ్చగా ఉంటాయి. బయటి మడిలో ఎలుక కలుగుల నోళ్ళు తప్ప పోచ కనబడదు.

కంచె మడిలో నేల తొక్కకూడదు. సుభద్రమ్మ గారు తన చేతులతో నాపరాళ్ళు పరిచి పోయారు. వాటి మీదే నడవాలి, వాటి మీద నిలబడే లెక్కపెట్టాలి. కొత్తగా వచ్చిన శిష్యులకు మా మొదటి పాఠం అదే: చెప్పులు విప్పు, మొదటి రాయికి దండం పెట్టు, తర్వాతే కాలు మోపు. హసీనా మొదటి రోజు చెప్పులతో ఎక్కబోతే వెంగప్ప సార్ అంత దూరం నుంచి చప్పుడు విని కేకేశారు. పాపం ఆ పిల్ల నాలుగు రోజులు రాయి అంటేనే భయపడింది.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

ఈ మైదానం పనులు నడిపే మండలి నుంచి పురుషోత్తం వచ్చాడు. నీటి బండి ఎక్కి వచ్చాడు కాబట్టి అందరం ముందు నీళ్ళను పలకరించి తర్వాత ఆయన్ని పలకరించాం. మనిషి మంచివాడే, మాట మర్యాద. కాకపోతే కూర్చునే ముందు కుర్చీ దులిపే రకం. ఈ ఇసుకలో కుర్చీ దులిపి ఎవరు గెలిచారు?

ఈ ఏడు వానలు నిజంగానే పడతాయని అంటున్నారు. పునర్వసు వానకు ముందే మైదానమంతా గడ్డి విత్తనం చల్లాలని మండలి నిర్ణయం. గడ్డి పట్టుకుంటే మట్టి నిలుస్తుంది, మట్టి నిలిస్తే శిబిరాల్లో ఉన్నవాళ్ళు ఊళ్ళు కట్టుకోవచ్చు. అయితే విత్తనం చల్లే ముందు ఎలుకలను తీసెయ్యాలి. ఇక్కడి నుంచి కొండల దాకా ప్రతి కలుగులోకీ విషపు పొగ వదులుతారు. పొగ బండ్లు ఆరుద్ర మొదట్లో వస్తాయి.

"దీనికంతా ఆధారం మీ వెంగప్ప గారి మాటే, మేడం," అన్నాడు పురుషోత్తం. "ఎలుక లేని చోటే గడ్డి నిలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఈ మాటను కాదన్నవాళ్ళు లేరు."

"ఎవరైనా కాదంటే ఏమవుతుంది?" అన్నాను. ఊరికే, మాట కలపడానికి.

"శిష్యులు కాదంటే వరస నుంచి బయటికి పోతారు. వాళ్ళ మాట పెట్టె వినదు. కాబట్టి అన్న మనిషే వెనక్కి తీసుకోవాలి. అప్పుడు ఆయన పేరూ, ఆయన కింద వచ్చిన పట్టాలూ అన్నీ పోతాయి. చేతులారా ఎవరు చేసుకుంటారు చెప్పండి?" అని నవ్వాడు. మేమూ నవ్వాం.

సాయంత్రం సార్ దగ్గర కూర్చుని ఆ రోజు లెక్క చెప్పాను. రోజూ చెప్పాలి, లేకపోతే ఆయనకు సంకటి ముద్ద దిగదు. ఇవాళ లెక్క సగంలోనే ఆపేశారు.

"ఏమ్మా, నా మాట మీద ఊళ్ళు లేస్తాయంటాండాడే ఆ పిల్లోడు. నిజమేనా?"

"నిజమే సార్."

"సుభద్రమ్మ గారు ఉండుంటే..." అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ జోడుతో ఆయనకు ఏమీ కనబడదు, అయినా తుడుస్తారు. నాకు చాలా సంతోషమేసింది. ఈ మనిషికి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది.

మృగశిర కార్తె, మొదటి రోజు

వాన పడింది.

ఈ ఒక్క ముక్క రాసి కలం పక్కన పెట్టేద్దామనుకున్నాను. వాన పడిందని రాయడానికి పన్నెండేళ్ళు కాచుకున్నాం. కానీ రాయాల్సింది ఇంకా ఉంది.

తెల్లారుతుండగా మొదలైంది. నేనూ హసీనా తడుస్తూనే మడుల దగ్గరికి పరుగెత్తాం. బయటి మడిలో నీళ్ళు పడ్డవి పడ్డట్టే జారిపోతున్నాయి. అక్కడి నేల పైపొర గట్టిపడి ఎన్నేళ్ళో అయింది, ఒక్క బొట్టు లోపలికి పోదు. కంచె మడిలో మాత్రం నీళ్ళు రాళ్ళ వరస దాకా పారి అక్కడే మాయమవుతున్నాయి. సుభద్రమ్మ గారి రాళ్ళ కింద గుడగుడమని చప్పుడు.

"రాళ్ళ కింద ఖాళీ ఉందా మేడం?" అంది హసీనా.

నేను జవాబు చెప్పేలోపే ఆరో రాయి అంచు నుంచి ఒక ముక్కు బయటికొచ్చింది. ఆ వెనకే తడిసి ముద్దైన ఇసుక ఎలుక. తోక చివర కుచ్చు, నోట్లో ఇంకా కళ్ళు తెరవని పిల్ల. రాయి మీదకెక్కి మమ్మల్ని ఒకసారి చూసింది, పిల్లను వెంపలి మొదట్లో గట్టున దించింది, మళ్ళీ రాయి కిందికి దూరింది. ఇంకో పిల్లను తెచ్చింది. ఇంకోటి.

నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. మూడు తరాలుగా మేం ఎలుక లేదని రాసిన మడి అది.

మృగశిర కార్తె, రెండో రోజు

రాయి ఎత్తాం.

ఇది రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. హసీనా గడ్డపార తెచ్చింది కానీ ముందు నన్నే ఎత్తమంది. "మీరు పెద్దవాళ్ళు మేడం, పాపమేదైనా ఉంటే ముందు మీకే రావాలి" అంది. మామూలుగా అయితే నెత్తి మీద ఒక్కటిచ్చేదాన్ని. దండం పెట్టి ఎత్తాను.

రాయి కింద ఒక ఊరే ఉంది. అటూ ఇటూ సొరంగాలు, ఒక రాయి నుంచి ఇంకో రాయికి దారులు. ఒక అరలో గడ్డి పరుపు. ఇంకో అరలో దాచుకున్న వెంపలి గింజలు, బోద గింజలు. తినగా మిగిలినవి తడికి మొలకలెత్తుతున్నాయి. పైన ఉన్న చెట్ల వేళ్ళు ఆ సొరంగాల్లోకి దిగి ఉన్నాయి. అంచున తవ్వి చూస్తే కంచె వల కింది భాగం ఎప్పుడో తుప్పు పట్టి మట్టైపోయింది. ఏటా పైన కనబడే వలను బాగుచేసి మురిసిపోయాం.

ఇక బయటి మడి. మా లెక్క ఏమిటంటే, కలుగు నోరు కనబడితే అందులో ఎలుక ఉన్నట్టు. వెంగప్ప సార్ పెట్టిన పద్ధతి. హసీనా పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి తెచ్చి, నిన్న వాన తగ్గాక ప్రతి నోటి ముందూ పలచగా చల్లింది. ఇవాళ పొద్దున చూస్తే ఒక్క కాలి గుర్తు లేదు. శిబిరం కుక్కలు తవ్వి తవ్వి అక్కడి ఎలుకలను ఎప్పుడో తరిమేశాయి. లోపల పూడిపోయినా, నేల గట్టిది కాబట్టి నోళ్ళు మాత్రం అలాగే మిగిలాయి. కుక్కల భయానికి ఎలుకలు, అవి దాటలేని కంచె లోపల చేరాయి. అది చీకటి పడ్డాక తిరిగే జీవి, మేమేమో పగటి మనుషులం. రాళ్ళ మీద నుంచి దిగకూడదు, రాయి కదపకూడదు. దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు దానికి ఎక్కడ దొరుకుతుంది?

ఎలుకలు తవ్వితేనే ఈ నేలలోకి నీళ్ళు దిగుతాయి, అవి దాచి మరిచిన గింజే మొలుస్తుంది. కంచె మడి పచ్చగా ఉన్నది ఎలుకలు లేనందుకు కాదు, ఉన్నందుకు. మా మాట తలకిందులుగా ఉంది. ఆ మాట పట్టుకుని ఆరుద్రలో పొగ బండ్లు వస్తున్నాయి. ఆ ఎలుకలు పోతే ఎంత విత్తనం చల్లినా ఈ నేల మీద గడ్డి నిలవదు.

రాయి మళ్ళీ ఉన్నచోటే పెట్టాం. సాయంత్రం సార్ లెక్క అడిగారు. "ఎలుకలు?" అన్నారు అలవాటుగా. "బయటి మడిలో ఎప్పటిలాగే సార్," అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

మృగశిర కార్తె, ఐదో రోజు

హసీనాతో గొడవైంది.

"పెద్ద సార్‌కి ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది.

"చెప్పడమంటే ఏమిటో తెలుసా నీకు?" అన్నాను. "ఆయన మాట వెనక్కి తీసుకోవాలి. ఆయన పేరు పోతుంది. నా పేరు పోతుంది. నీ పట్టా పోతుంది."

"నాకు తెలియదా అండీ?" గట్టిగా అరిచింది. తర్వాత కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "పట్టా వచ్చేదాకా ఆగుదాం అని ముందు నేనే అనుకున్నాను. మూడు రోజులు అదే అనుకున్నాను. కానీ పట్టా వచ్చేది ఆరుద్రలో, బండ్లు వచ్చేదీ ఆరుద్రలోనే. గడ్డి మొలవని నేల మీద నాకు ఇల్లు ఇస్తే నేనేం చేసుకోను?"

"ఆయన తట్టుకోలేరు హసీనా."

"ఆయన సంగతి ఆయన చూసుకుంటారు. మీరు తట్టుకోలేరని చెప్పండి."

నా మొహం మీద ఇలా మాట్లాడింది ఈమె ఒక్కతే. కోపం వచ్చింది. ఆమె అన్నది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. నాకు అన్నం పెట్టి, చదువు చెప్పి, ఆడపిల్ల ఎండలో మడుల వెంట తిరగడమేంటి అన్నవాళ్ళ నోళ్ళు మూయించిన మనిషి ఆయన. నువ్వు బతికిందంతా తప్పు అని ఆ మనిషితో నేను ఎలా అనాలి? నాకు ఏడుపొచ్చింది. హసీనా చూసి, పలకరించకుండా నీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి వెళ్ళింది.

మృగశిర కార్తె, ఆరో రోజు

చెప్పేశాను.

సార్ సాయంత్రం టీ తాగుతున్నారు. లెక్క మొదలుపెట్టబోయి ఆపేశాను.

"కంచె మడిలో ఎలుకలు ఉండాయి సార్."

"ఉండవు."

"నా కండ్లతో చూసినా. వానలో పిల్లల్ని నోట కరుచుకోని బయటికొచ్చింది. రాయి ఎత్తి కూడా చూసినాం."

గ్లాసు పెదవుల దగ్గర ఆగిపోయింది. "రాయి ఎత్తినారా?"

"ఎత్తినాం సార్."

"సుభద్రమ్మ గారి రాయి?"

"దాని కిందే సార్ ఎలుకలుండేది. బయటి మడిలో ఒక్కటి కూడా లేదు, బూడిద చల్లి చూసినాం. మన లెక్క..."

"ఎవరు చెప్పినారు మీకు ఎత్తమని?" గ్లాసు కింద పెట్టేశారు. "అరవై ఏండ్లు దాని మీద చెప్పు కాలు పెట్టలేదు నేను. ఎండకు రాయి కాలిపోతాంటే పాదాలు బొబ్బలెక్కినా దిగలేదు. నువ్వు గడ్డపార పెట్టినావా దానికి?"

ఎలుకల మాట ఆయన చెవికి ఎక్కలేదు. ఎంతసేపూ రాయి, రాయి, రాయి. చివరికి "పో అవతలికి" అన్నారు. నలభై ఏళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట వినలేదు. వచ్చేశాను.

మృగశిర కార్తె, పదకొండో రోజు

సార్ మాట్లాడడం లేదు. సంకటి హసీనా తీసుకెళితే తింటున్నారు, నేను తీసుకెళితే గోడవైపు తిరుగుతున్నారు. సాయంత్రం లెక్క అడగడం లేదు. నేను మాత్రం తలుపు బయట నిలబడి, గోడకు చెబుతున్నట్టు చెప్పేసి వస్తున్నాను: వెంపలి ఇన్ని, బోద ఇన్ని, ఎలుకలు రాళ్ళ కింద, పిల్లలు కళ్ళు తెరిచాయి. లోపల మంచం కిర్రుమంటుంది. వింటున్నారని మాత్రం తెలుసు.

పురుషోత్తానికి కబురు చేశాను. "మేడం, మీ బాధ అర్థమైంది. కానీ మీ మాట నేను రాసుకోలేను. వెంగప్ప గారు చెప్పాలి" అన్నాడు. బండ్లు బయలుదేరాయట.

సార్‌ని బలవంతం చెయ్యలేను. చెయ్యకపోతే ఈ నేలకు మిగిలిన చివరి తవ్వకందార్లు పొగలో పోతాయి. ఇంతకుముందు ఈ ఎలుకలను నేనేమీ ప్రేమించలేదు. గుడ్డలు కొరికే జీవాన్ని ఎవరు ప్రేమిస్తారు? ఇప్పుడు మాత్రం పొద్దున లేవగానే ఆరో రాయి వైపే చూస్తున్నాను.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

పొద్దున్నే బండ్లు వచ్చాయి. పసుపు రంగు డబ్బాలు, గొట్టాలు, ముసుగులు వేసుకున్న మనుషులు. పురుషోత్తం దిగి, ఈసారి కుర్చీ దులపలేదు, అసలు కూర్చోలేదు. మొదట బయటి మడి నుంచి మొదలుపెట్టి కొండల వైపు వెళతామన్నాడు.

అంతలో సార్ గది తలుపు తెరుచుకుంది. చేతికర్ర పట్టుకుని గడపలో నిలబడ్డారు.

"దస్తగిరమ్మా, నన్ను మడికి పిల్చుకపో."

చెయ్యి పట్టుకుని నడిపించాను. హసీనా వెనకే. పురుషోత్తం కూడా వచ్చాడు. మొదటి రాయి దగ్గర ఆయన చెప్పులు విప్పారు, వంగి దండం పెట్టారు. తర్వాత రాయి ఎక్కకుండా పక్కన మట్టి మీద కాలు పెట్టారు. ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ మట్టిలోనే నడిచి ఆరో రాయి దాకా వచ్చి నేల మీద చతికిలపడ్డారు.

"ఎత్తండి."

ఎత్తాం. ఆయన చొక్కా చెయ్యి మడిచి సొరంగంలోకి మోచేతి దాకా పెట్టారు.

"చల్లగుంది," అన్నారు. "పైన నిప్పులు కురుస్తాంటే లోపల ఇంత చల్లగుంది." వేళ్ళతో తడిమారు. "ఇవి వెంపలి గింజలు. మొలకొచ్చినాయి. ఇది బోద. ఇది... అబ్బా!"

చెయ్యి బయటికి లాగారు. చూపుడువేలి నుంచి రక్తం.

"కరిచింది!" అన్నారు. భయపడి హసీనా గుడ్డ కోసం పరుగెత్తింది. ఆయన మాత్రం ఆ వేలు పైకెత్తి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. "అరవై ఏండ్లు దీన్ని లేదు లేదంటి. దానికి ఎంత కోపం ఉండాలి చెప్పు."

నేను పక్కన కూర్చున్నాను. ఆయన వీపు మీద చెయ్యి వేశాను.

"బయటి మడిలో ఏమీ లేవా?"

"నోళ్ళు మాత్రమే సార్. ఖాళీవి."

"అంటే ఇన్నాళ్ళూ నేను ఇండ్లు లెక్కపెట్టినా. కాపురం ఉండేవాళ్ళను చూడలే." చేతికంటిన మట్టి దులుపుకుని, "సుభద్రమ్మ గారు నన్ను రాయి మీద నుంచి దిగొద్దన్నది మొక్కలు తొక్కుతానని. కిందికి చూడొద్దని ఆమె అనలేదు. అది నేను అనుకున్నా," అన్నారు.

వేలికి కట్టు కట్టించుకుని పెట్టె ముందు కూర్చున్నారు. ప్రవర చెప్పారు. ఎలుక లేని చోటే గడ్డి నిలుస్తుందన్న తన మాట తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు. పెట్టె అడిగింది: ఆయన పేరు, ఆయన శిష్యుల పేర్లు వరస నుంచి తొలగిపోతాయి, సమ్మతమేనా అని.

సార్ హసీనా ఉన్న వైపు మొహం తిప్పారు. "పాపా, నీ పట్టా పోతుందే."

"పోనివ్వండి సార్. మా అమ్మకు మూటలు కట్టడం, విప్పడం అలవాటే," అంది హసీనా.

"సమ్మతమే," అన్నారు సార్.

అంతే. సుభద్రమ్మ గారి పేరు ఒక్కటి మిగిలింది, దాని కింద ఎవరూ లేరు. పురుషోత్తం బయటికి వెళ్ళి బండ్లవాళ్ళతో మాట్లాడి వచ్చాడు. గొట్టాలు చుట్టేస్తున్న చప్పుడు వినబడింది. నేను గోడకు చేరగిలబడ్డాను.

"బండ్లు ఆపాను," అన్నాడు. "కానీ మేడం, ఎలుకలు ఉంటే మంచిదనే మాట కూడా ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. పాత మాట పోయింది, కొత్తది రాలేదు. మండలి ఊరుకోదు. వేరే వరస నుంచి ఎవరో ఒకరి మాట తెచ్చుకుని మళ్ళీ వస్తారు."

"కొత్త మాట చెప్పనీకి మాకిప్పుడు నోరు యాడుంది?" అన్నాను. "ముగ్గురమూ వరస లేనోళ్ళమే కదా."

సార్ తల ఎత్తారు. "ఆ పొద్దు వానలో దాన్ని ముందు చూసిందెవరు?"

"నేనే సార్."

"అంతకుముందు ఎవరైనా చూసి చెప్పినారా?"

"లేదు."

"మరి ఇంకేం? రా, కూర్చో."

అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. వరస నాతో మొదలుపెట్టమంటున్నారని అర్థమయ్యాక కూర్చోబుద్ధి కాలేదు. ఆయనే కుర్చీలోంచి లేచి, నా భుజం పట్టి కూర్చోబెట్టారు. సుభద్రమ్మ గారి పేరు చెప్పకుండా, వెంగప్ప గారి పేరు చెప్పకుండా, మొట్టమొదటిసారి పెట్టెతో ఒంటరిగా మాట్లాడాను. "నా పేరు దస్తగిరమ్మ. ఇసుక ఎలుక తవ్విన చోటే ఈ నేలలోకి నీళ్ళు దిగుతాయి, అది దాచిన గింజే మొలుస్తుంది. నా కళ్ళతో చూశాను."

పెట్టె రాసుకుంది. మొదటి పేరు నిలవాలంటే స్వయంగా తెలుసుకుని నమ్మిన శిష్యులు ఒకరైనా ఉండాలని, ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

హసీనా ముందుకొచ్చింది. సార్ కట్టు కట్టిన చేతిని అడ్డం పెట్టారు.

"నువ్వు నా వెనక నిలబడు పాపా. పెద్దోణ్ణి, ముందు నేను." కుర్చీ పక్కన నిలబడి, చేతికర్ర గోడకు ఆనించి, రెండు చేతులూ కట్టుకున్నారు. "నా పేరు వెంగప్ప. వయసు ఎనభై నాలుగు. చూడనీకి కండ్లు లేవు, చెయ్యి పెట్టి తెలుసుకున్నా. దస్తగిరమ్మ గారి శిష్యుణ్ణి."

నలభై ఏళ్ళలో నా పేరు పక్కన ఆయన 'గారు' అనడం అదే మొదలు.

గురువు అంగీకరిస్తున్నారా అని అడిగింది పెట్టె.

ఆయన తల వంచుకుని నిలబడే ఉన్నారు. అంత వయసులో కాళ్ళు నొప్పి పుడతాయి, త్వరగా చెప్పాలి. హసీనా వెనక నుంచి "చెప్పండి మేడం, ఆయన నిలబడలేరు" అంది.

లేచి, నా కుర్చీ ఆయనకు వేసి, ఆయన కూర్చున్నాక చెప్పాను.